గొంతును గదిలో ఎక్కడ నిలబెట్టాలి?

రాక్ ఆల్బమ్‌ను సరౌండ్‌లోకి, అంటే వినేవాడి చుట్టూ స్పీకర్లుండే పద్ధతిలోకి మార్చేటప్పుడు గిటార్‌ను వెనక్కి పంపినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కీబోర్డు ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెత్తినా వినడానికి సరదాగానే ఉంటుంది. పాడే మనిషిని కాస్త కదిపితే మాత్రం పాటే మారిపోతుంది. 1970ల నాటి నాలుగు స్పీకర్ల క్వాడ్ రికార్డుల నుంచి, తల పైనుంచి కూడా శబ్దం వినిపించే ఇప్పటి డాల్బీ అట్మాస్ దాకా మిక్సింగ్ ఇంజినీర్లు ఎక్కువగా తడబడింది ఇక్కడే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రధాన గాయకుడి గొంతు మధ్య స్పీకర్‌లోంచే రావాలి. చుట్టూ మిగిలిన జాగా ఆ గొంతుకు బదులు చెప్పే గొంతులది. చాలా మిక్స్‌లలో మొదటిది భయం వల్ల జరగడం లేదు, రెండోది అలవాటు వల్ల జరగడం లేదు.

స్టీరియోలో గాయకుడు మధ్యలో ఉన్నట్టు వినిపిస్తాడు కానీ అక్కడ ఏ స్పీకరూ లేదు. ఒకే గొంతును రెండు వైపులా సమానంగా పంపితే మన మెదడు మధ్యలో ఒక మనిషిని ఊహించుకుంటుంది. దీన్నే ఫాంటమ్ సెంటర్ అంటారు. యాభై ఏళ్లకు పైగా రాక్ సంగీతమంతా ఈ ఊహ మీదే నిలబడింది కాబట్టి ఇందులో లోపాలున్నాయంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఉన్నాయి. ఎడమ స్పీకర్ శబ్దం ఎడమ చెవికి చేరాక, దాదాపు పావు మిల్లీసెకను ఆలస్యంగా కుడి స్పీకర్ శబ్దం కూడా తల చుట్టి అదే చెవికి వస్తుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని 2 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దంలో గుంట పడుతుంది. పాటలో హల్లులు స్పష్టంగా తెలియాలంటే కావలసినది సరిగ్గా ఆ ప్రాంతమే. పైగా కుర్చీని ఒక అడుగు పక్కకు జరిపితే చాలు, గాయకుడు కూడా దగ్గరి స్పీకర్‌లోకి వెళ్లిపోతాడు. ముందుగా చేరిన శబ్దం వైపే చెవి మొగ్గుతుంది మరి.

సినిమా వాళ్లు ఈ చిక్కును ఎప్పుడో పరిష్కరించారు. చిల్లుల తెర వెనక మధ్యలో విడిగా ఒక స్పీకర్ పెట్టి సంభాషణను అందులోకి పంపారు. మన ఊరి హాల్లో గోడవారగా సీటు దొరికినా హీరో మాట తెర మధ్య నుంచే వినిపించడానికి కారణం అదే. 1975లో ద హూ బృందం రాక్ ఓపెరా 'టామీ' సినిమాగా వచ్చినప్పుడు క్వింటాఫోనిక్ అనే ఐదు దిక్కుల పద్ధతి వాడారు. నాలుగు మూలలు చాలవని, తెర వెనక మధ్యలో ఐదోది కావాలని ఆ రోజుల్లోనే తెలుసన్నమాట.

ఇళ్లలోకి వచ్చిన క్వాడ్‌కు మాత్రం ఆ ఐదోది లేదు. గదికి నాలుగు మూలల్లో నాలుగు స్పీకర్లు, అంతే. ఎల్పీ రికార్డు గాడిలో రెండు చానళ్లకే చోటుంది కాబట్టి సీబీఎస్ కంపెనీ ఎస్‌క్యూ పద్ధతిలో నాలుగు చానళ్లను ఆ రెండింటిలోకి కుదించారు. ఆ కుదింపు భారం ఎక్కువగా పడింది గొంతు మీదే. ఆ రెండింటినీ ఇంట్లో మళ్లీ నాలుగుగా విప్పే పెట్టె డీకోడర్. లాజిక్ సర్క్యూట్ లేని మామూలు ఎస్‌క్యూ డీకోడర్‌లో ముందు మధ్యలో ఉంచిన గొంతు వెనక స్పీకర్లలోకి కూడా కారిపోయేది. వెనక ఒక్కో స్పీకర్‌లో అది ముందు స్పీకర్లలో ఉన్నంత స్థాయిలోనే ఉండేది. ఖరీదైన డీకోడర్లలో లాజిక్ సర్క్యూట్లు చేసే పనుల్లో ఒకటి ఈ కారే గొంతును పట్టుకుని ముందుకు తోయడం. క్వాడ్ చచ్చిపోవడానికి పోటీ ఫార్మాట్ల గొడవే కారణమని అందరూ రాస్తారు. అది నిజమే. అయితే పాడేవాడు ఎక్కడున్నాడో తేల్చి చెప్పలేని యంత్రాన్ని మామూలు శ్రోత ఎంతకాలం భరిస్తాడు?

5.1 (ఐదు స్పీకర్లు, లోతైన శబ్దాలకు ఇంకొకటి) వచ్చాక మధ్య స్పీకర్ ఇంట్లోకి వచ్చింది. అలాంటి మిక్స్‌లను మోసే ఎస్ఏసీడీ, డీవీడీ-ఆడియో డిస్కులు మార్కెట్లోకి వచ్చాయి. తీరా చూస్తే చాలా రాక్ మిక్స్‌లలో ఆ స్పీకర్ దాదాపు ఖాళీ. కారణం సాంకేతికం కాదు. గొంతును ఒక్కదాన్నే అందులో పెడితే, ఇంట్లో ఎవరైనా మిగతా స్పీకర్ల వైర్లు పీకేసి గాయకుణ్ని ఒంటరిగా వినొచ్చు. ఊపిరి పీల్చిన చప్పుడు, శ్రుతి జారిన చోటు, రెండు టేకులు అతికిన చోటు, అన్నీ బయటపడతాయి. ఆ భయంతో గొంతును మళ్లీ ఎడమ కుడి స్పీకర్లకే పంచేసి, ఐదు స్పీకర్లు కొన్న మనిషికి పాత ఫాంటమ్‌నే వినిపించారు.

ఈ భయాన్ని నేను గౌరవించలేను. రాక్ గాయకుడి గొంతులో బొంగురు, పగులు, ఊపిరి అందని చోటు దాచుకోవలసినవి కావు. మనం వాటి కోసమే వింటాం. ఇంకో సంగతి, దాచుకునే కాలం కూడా పోయింది. 2019లో డీజర్ సంస్థ స్ప్లీటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. ఏ స్టీరియో పాటనైనా ఇస్తే గొంతును విడదీసి చేతిలో పెడుతుంది. 2022లో బీటిల్స్ 'రివాల్వర్' కొత్త మిక్స్ సాధ్యమైందే అలాంటి విడదీసే పరిజ్ఞానం వల్ల. కుర్రాళ్లు ఫోన్‌లో చేసే పనిని ఆపడానికి మధ్య స్పీకర్‌ను ఖాళీగా ఉంచడంలో అర్థం లేదు.

ఇంజినీర్ల అభ్యంతరాల్లో ఒకటి మాత్రం న్యాయమైనదే. ఇళ్లలో మధ్య స్పీకర్ తరచూ టీవీ కింద అడ్డంగా పడుకోబెట్టిన చిన్న పెట్టె. పక్క స్పీకర్లతో దాని స్వరం కలవదు. అందుకని గొంతులో కొద్ది భాగాన్ని తక్కువ స్థాయిలో ఎడమ కుడి స్పీకర్లకు కూడా ఇవ్వడం మంచి పద్ధతి. ఎటొచ్చీ మూడింటికీ సమానంగా పంచకూడదు. అప్పుడు మూడు చోట్ల నుంచి వచ్చే ఒకే గొంతు తనతో తానే కొట్టుకుని మసకబారుతుంది.

ఇక చుట్టూ ఉన్న గొంతుల సంగతి. బుర్రకథలో తంబురా పట్టుకుని కథకుడు మధ్యలో నిలబడతాడు, ఇటొక వంత, అటొక వంత. వంతలు ఊకొడతారు, ఎదురు ప్రశ్న వేస్తారు, ఎగతాళి చేస్తారు. కథకుణ్ని పక్కకు నెడితే కథ నడవదు, వంతలను ఆయన వీపు వెనక దాచినా నడవదు. సరౌండ్ మిక్స్‌లో కోరస్ గొంతుల విషయంలో నేనడిగేది ఇంతే. ఆ గొంతు ప్రధాన గొంతుకు ఏమవుతుంది? దాన్ని బలపరుస్తోందా, ఖండిస్తోందా, దాని మనసులో మాట చెబుతోందా? జవాబును బట్టి చోటు తేలుతుంది.

యెస్ బృందం 1972 ఆల్బమ్ 'క్లోజ్ టు ది ఎడ్జ్'లో మొదటి వైపంతా ఒకే పాట, 18 నిమిషాలకు పైగా ఉంటుంది. అందులో మూడో భాగం నెమ్మదిస్తుంది, డ్రమ్స్ ఆగిపోతాయి. జాన్ ఆండర్సన్ ఒక వరుస పాడుతుంటే క్రిస్ స్క్వైర్, స్టీవ్ హౌ వేరే మాటలతో వేరే వరుస పాడతారు. స్టీరియోలో ఈ రెండు వరుసలూ ఒకే గుమ్మంలోంచి ఒకేసారి రావాల్సి వస్తుంది, మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. చుట్టూ చోటు దొరికితే రెండు ఆలోచనలు రెండు చోట్ల నిలబడతాయి, ఏదీ గొంతు పెంచనక్కర్లేదు. 2013లో ఈ ఆల్బమ్‌ను 5.1లోకి తెచ్చిన స్టీవెన్ విల్సన్ అంతకుముందే కింగ్ క్రిమ్సన్, జెత్రో టల్ ఆల్బమ్‌లు చేశారు. ప్రధాన గొంతును ముందు కదలకుండా ఉంచడం, వంత గొంతులకూ కీబోర్డులకూ వెనక జాగా ఇవ్వడం ఆయన పద్ధతి. అందుకే ఆయన మిక్స్‌లు పదోసారి విన్నా అలసట రాదు.

నేను పెట్టిన నియమానికి లొంగని పాట కూడా ఉంది. క్వీన్ వాళ్ల 'ఎ నైట్ ఎట్ ది ఓపెరా' 1975లో వచ్చింది, 2002లో ఎలియట్ షైనర్ చేతి మీదుగా డీవీడీ-ఆడియో అయింది. అందులోని 'ది ప్రాఫెట్స్ సాంగ్' మధ్యలో వాద్యాలన్నీ ఆగిపోయి ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతు ఒక్కటే మిగులుతుంది. ఆయన పాడిన ముక్కను డిలే అనే యంత్రం కాసేపాగి తిరిగి వినిపిస్తుంది, దాని మీద ఆయన ఇంకో ముక్క పాడతారు, అలా తన గొంతుతో తానే అల్లుకుంటూ పోతారు. ఇక్కడ ప్రధాన గొంతు ఏది, వంత ఏది? తేడా లేదు కాబట్టే ఆ గొంతు గది చుట్టూ తిరిగినా అన్యాయం అనిపించదు. అదే స్వేచ్ఛ పక్క పాటలోని మామూలు చరణానికి ఇస్తే వినేవాడికి తల తిరుగుతుంది.

వెనక నుంచి వచ్చే మనిషి గొంతుకు మన ఒళ్లు స్పందించే తీరే వేరు. ముందున్న శబ్దాన్ని చెవి ఒకటి రెండు డిగ్రీల తేడాతో గుర్తుపడుతుంది, పక్కలకూ వెనక్కూ పోయేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. చెవి డొప్ప అడ్డు రావడంతో వెనక శబ్దం రంగు కూడా మారుతుంది. వెనక ఎవరైనా మాట్లాడితే తిరిగి చూడాలనిపిస్తుంది. ప్రేమ పాట చరణానికి అది దెబ్బ. పింక్ ఫ్లాయిడ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'కు అదే ఆస్తి. రోజర్ వాటర్స్ అట్టముక్కల మీద ప్రశ్నలు రాసి, ఆబీ రోడ్ స్టూడియో ద్వారపాలకుడితో సహా అక్కడున్న వాళ్ల చేత జవాబులు చెప్పించి రికార్డు చేశారు. పిచ్చి గురించి, చావు గురించి మాట్లాడే ఆ గొంతులు వేదిక మీదివి కావు. అవి భుజం వెనక నుంచి వస్తేనే వాటి భయం తెలుస్తుంది. అదే ఆల్బమ్‌లో క్లేర్ టోరీ ఒక్క మాటైనా లేకుండా ఆలపించిన భాగాన్ని మాత్రం నేను ముందు నుంచే వినాలనుకుంటాను. ఆ శోకానికి ఒక ముఖం కావాలి. 1973లో అలన్ పార్సన్స్ క్వాడ్‌లో, 2003లో జేమ్స్ గత్రీ 5.1లో, 2023లో మళ్లీ గత్రీయే అట్మాస్‌లో ఈ ఆల్బమ్‌ను మిక్స్ చేశారు. ప్రతిసారీ ఈ గొంతులకు చోటు కొత్తగా వెతకాల్సిందే.

2021 జూన్‌లో ఆపిల్ మ్యూజిక్‌లో అట్మాస్ వచ్చాక సమస్య ఇంకో రూపం ఎత్తింది. ఇప్పుడు సరౌండ్ వినేవారిలో చాలామందికి మధ్య స్పీకరే లేదు, చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. ప్రతి గొంతూ వినేవాడికి దగ్గరగా ఉండాలా దూరంగా ఉండాలా అని ఇంజినీర్ డాల్బీ సాఫ్ట్‌వేర్‌లో గుర్తుపెట్టి పంపుతాడు. ఆపిల్ తన సొంత లెక్క వేసుకుంటుంది, ఆ గుర్తులను పట్టించుకోదు. గదిలో ఉన్న భ్రమ కలిగించడానికి అది కలిపే ప్రతిధ్వని ముందుగా తగిలేది ఏ ప్రతిధ్వనీ కలపకుండా మధ్యలో ఉంచిన గొంతుకే. స్టీరియోలో చెవి పక్కన పాడిన మనిషి రెండడుగులు వెనక్కి జరిగిపోయాడని శ్రోతలు చేసే ఫిర్యాదు ఇక్కడ పుట్టిందే. దీనికి ఇప్పటికి మందు ఒకటే. పాత రాక్ ఆల్బమ్‌ను అట్మాస్ చేసే ఇంజినీర్ స్టూడియో స్పీకర్లతో సరిపెట్టుకోకుండా, ఆపిల్ ఇయర్‌ఫోన్లలో అసలు స్టీరియో పక్కన పెట్టి వినాలి. అక్కడ గొంతు వెనక్కి పోయిందని తేలితే ప్రతిధ్వని తగ్గించాలి, అవసరమైతే గొంతు ఒక డెసిబెల్ పెంచాలి. అంతవరకూ ఆ మిక్స్‌ను విడుదలకు ఇవ్వకూడదు.