సవరణ: గురుడి పక్కన ఐదో చుక్క

అనంతపురంలో మా మిద్దె మీంచి చూసిన గురుగ్రహం గురించి పెట్టిన పోస్టులో "ఐదు ఉపగ్రహాలు కనిపించాయి" అని ఉంది. దాన్ని "నాలుగు ఉపగ్రహాలు, ఒక నక్షత్రం" అని చదువుకోండి. ఐదో ఉపగ్రహం అమాల్థియాను 1892లో ఖగోళ శాస్త్రవేత్త బర్నార్డ్ కనిపెట్టింది అమెరికాలోని లిక్ అబ్జర్వేటరీలో ఉన్న 36 అంగుళాల టెలిస్కోపుతో. మన ఐదంగుళాల దానికి అది అందే మాటే లేదు.

ఆ ఐదో చుక్క లెన్సులో పుట్టిన ప్రతిబింబమేమో అని ఒకరు అడిగారు. కాదు. ట్యూబును కాస్త జరిపితే నిజమైన చుక్కలన్నీ గురుడితో పాటే ఒకే వైపు కదులుతాయి, దొంగ ప్రతిబింబం మామూలుగా ఎదురు దిక్కుకు పోతుంది. ఇది గురుడితోనే కదిలింది. మరుసటి రాత్రి మాత్రం వెనకబడిపోయింది. మిగతా నాలుగూ చోట్లు మారినా గురుడి వెంటే ఉన్నాయి. వాటిలో గురుడికి దగ్గరగా తిరిగే అయో అయితే గంటలోనే జరిగినట్టు తెలుస్తుంది, గురుడి చుట్టూ దాని ఒక చుట్టు 42 గంటల పైచిలుకే మరి. పైగా ఉపగ్రహాలు దాదాపు గురుడి చారల వరసలోనే ఉంటాయి. ఈ చుక్క ఆ వరసలో లేదు.

"చారలు అలల్లా కదులుతున్నాయి" అన్న వాక్యం కూడా తీసేశాను. కదిలింది మన గాలే. ఎండకు కాలిన మిద్దె రాత్రి తొమ్మిదైనా వేడి కక్కుతూనే ఉంటుంది. పదకొండు దాటాక చూడండి, లేదా స్టాండు మట్టి నేల మీద పెట్టుకోండి.