నిర్బంధ విద్యలో నిర్బంధం ఎవరికి?

జనవరిలో కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఏదో ఒక బడిలో కాసేపు కూర్చుని హాజరు పిలవడం వినండి. టీచర్ పేరు చదువుతారు. జవాబు రాదు. పక్కన కూర్చున్న పిల్ల లేచి చెబుతుంది: “సుగ్గికి పోయింది సార్.” సుగ్గి అంటే కోతల పనికి వలస. నాలుగు పేర్లు దాటాక మళ్లీ అదే మాట. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్లిపోతాయి. ఇంట్లో ముసలివాళ్లు ఉంటే పిల్లల్ని వాళ్ల దగ్గర వదులుతారు. లేకపోతే పిల్లలూ బండి ఎక్కాల్సిందే. కాస్త పెద్దపిల్ల అయితే కాయలు కోస్తుంది, లేదంటే చంటివాణ్ణి ఆడిస్తూ చేను గట్టున కూర్చుంటుంది.

ఆ పిల్లకు చదువు చట్టం ప్రకారం నిర్బంధం. రాజ్యాంగం 45వ అధికరణం పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో, అంటే 1960 నాటికి, ఉచిత నిర్బంధ విద్య అందాలని చెప్పింది. అది జరగలేదు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు చదువు ప్రాథమిక హక్కేనని తేల్చింది. 2002లో 86వ సవరణ ఆ హక్కును రాజ్యాంగంలోనే రాసింది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఎప్పుడు ఈ విషయం చర్చకు వచ్చినా ఒక మాట తప్పకుండా వినపడుతుంది: “అమెరికాలోలాగా తల్లిదండ్రులకు ఫైన్ వేస్తే దారికొస్తారు.” చదువుకున్నవాళ్లు, మంచి మనసున్నవాళ్లు కూడా ఈ మాట అంటారు. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. మన చట్టంలో నిర్బంధం అనే మాటకు అర్థం వేరు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు బడిలో చేరేలా, రోజూ వచ్చేలా, చదువు పూర్తి చేసేలా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ కూడా అంటుంది, కానీ శిక్ష పెట్టలేదు. పేదరికాన్ని నేరంగా చూడకూడదన్న ఆలోచన అందులో ఉంది. అది సరైన ఆలోచన.

జరిమానా ఆలోచన మనకూ కొత్తది కాదు. బరోడాలో సయాజీరావు గైక్వాడ్ 1893లో అమ్రేలీ తాలూకాలో నిర్బంధ విద్య మొదలుపెట్టి 1906లో సంస్థానమంతా అమలు చేశారు, పిల్లల్ని పంపని తల్లిదండ్రులకు జరిమానాలు వేశారు. గోఖలే 1911లో నిర్బంధ విద్య బిల్లు తెస్తే మరుసటి ఏడాది బ్రిటిష్ ఇండియా శాసనమండలిలో 13 ఓట్లే వచ్చాయి, 38 మంది వ్యతిరేకించారు.

ఇక అందరూ ఉదాహరణగా చూపే అమెరికా సంగతి. 1852లో మసాచుసెట్స్‌తో మొదలై 1918లో మిసిసిపీతో అన్ని రాష్ట్రాల్లోనూ హాజరు చట్టాలు వచ్చాయి. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సాస్‌లో 2015 దాకా బడి ఎగ్గొట్టిన పిల్లల మీదే క్రిమినల్ కేసు పెట్టేవారు. 500 డాలర్ల దాకా జరిమానా పడేది. కట్టలేకపోతే అది ఆ పిల్లవాడి వెంటే నడిచేది. బడికి రాలేదని కోర్టుకు పిలిస్తే, కోర్టుకు వెళ్లడానికి మళ్లీ బడి మానాలి. చివరికి ఆ రాష్ట్రమే పిల్లల మీద క్రిమినల్ కేసులు ఎత్తేసింది. పెన్సిల్వేనియాలో 2014లో ఒక పేద తల్లి పిల్లలు బడి మానినందుకు పడ్డ జరిమానాలు కట్టలేక రెండు రోజుల జైలుకు వెళ్లి, ఆ గదిలోనే చనిపోయింది. రెండేళ్ల తర్వాత అక్కడ చట్టం మార్చారు.

ఇంగ్లండ్‌లో సంగతి ఇంకో రకం. అక్కడ పది వారాల్లో ఐదు బడిరోజులు అనుమతి లేకుండా మానిపిస్తే జరిమానా పడవచ్చు. 2024 ఆగస్టు నుంచి అది 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, తర్వాతైతే 160. ప్రతి పిల్లకూ, తల్లికీ తండ్రికీ విడివిడిగా వేస్తారు. తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ ఉన్న ఇంటికి, గడువులో కడితే, 320 పౌండ్లు. సెలవుల్లో ఇండియా టికెట్ల ధర ఎలా పెరుగుతుందో అక్కడి తెలుగువాళ్లకు తెలుసు. సంపాదన బాగా ఉన్న కుటుంబం ఆ 320ని ప్రయాణం ఖర్చులో కలిపేసుకోగలదు. అందులో సగం పడినా గంటల లెక్కన కూలికి వెళ్లే ఒంటరి తల్లికి ఆ నెల అద్దెలో కోత. ఒకే జరిమానా ఒకరికి చిల్లర, ఇంకొకరికి దెబ్బ.

మన దగ్గర జరిమానా లేదు కదా అని సంతోషించలేం. అదే పని వేరే దారిలో జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని బడికి పంపే తల్లి ఖాతాలో డబ్బు వేసే అమ్మఒడి 2020లో వచ్చింది, ఇప్పుడు దాని స్థానంలో తల్లికి వందనం ఉంది. రెండూ మంచి పథకాలే. ముఖ్యంగా తల్లికి వందనంలో ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ డబ్బు ఇవ్వడం పెద్ద మార్పు. కానీ రెండింటిలోనూ 75 శాతం హాజరు నిబంధన ఉంది. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 55 రోజుల వరకే మానొచ్చు. సుగ్గికి వెళ్లిన కుటుంబం జనవరి మొదట్లో బయల్దేరి మార్చి చివర్లో తిరిగొస్తే, సంక్రాంతి సెలవులు తీసేసినా అరవై దాకా బడిరోజులు పోతాయి. మధ్యలో ఒక్క జ్వరం కూడా రాకపోయినా సరే, లెక్క తప్పుతుంది. ఊళ్లోనే ఉండి బడికి పంపగలిగిన తల్లి ఖాతాలో ఒక్కో పిల్లకు 13,000 రూపాయలు పడతాయి. బతకలేక పిల్లల్ని వెంటబెట్టుకుని పోయిన తల్లికి పడవు. డబ్బు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఆపేస్తున్నాం. దీన్ని జరిమానా అని పిలవకపోయినా ఆమె చేతికి అందనిది అందనిదే.

నిబంధన ఎత్తేయాలని నేను అనను. హాజరును చూసే పద్ధతి మారాలి. ప్రతి పిల్లకూ ఇప్పుడు పెన్ నంబర్ ఉంది, అంటే బడి మారినా మారని శాశ్వత విద్యా నంబర్. బళ్లలో హాజరు యాప్‌లోనే పడుతోంది. కోసిగి పిల్ల గుంటూరు జిల్లాలో తాము ఉంటున్న చేనుకు దగ్గరి బడిలో కూర్చుంటే ఆ హాజరు తన ఖాతాలోనే ఎందుకు పడకూడదు? బడి మారే హక్కు విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ఇచ్చింది, టీసీ ఆలస్యమైనా చేర్చుకోవాల్సిందేనని కూడా అదే చెప్పింది. తెలంగాణలో పెద్దపల్లి ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే పిల్లల విషయంలోనూ ఇదే ప్రశ్న, పైగా వాళ్లకు భాష కూడా రాదు.

పిల్లల్ని తిరిగి బడికి తేవడం ఎలాగో మనకు తెలియక కాదు. శాంతా సిన్హా, ఆమె స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ 1990ల నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఇదే చేసి చూపించారు. బడికి రాని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల పట్టు. ఊరి యువకులు ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించారు, పనిలో పెట్టుకున్న రైతులతో మాట్లాడారు, వెనకబడిన పిల్లలకు బ్రిడ్జి కోర్సులు నడిపి వయసుకు తగిన తరగతిలో చేర్చారు. జరిమానాతో పని పడలేదు. పని పడిందల్లా మనిషి వెళ్లి గుమ్మం ముందు నిలబడటంతోనే.

ఇప్పుడు లేనిది ఆ మనిషే. జూన్‌లో బడిబాట పేరుతో ర్యాలీలు తీస్తాం, ఎన్‌రోల్‌మెంట్ ఎంతైందో లెక్క చెబుతాం. నవంబరులో మూడు రోజులు వరసగా రాని పిల్ల ఇంటికి వెళ్లడం ఫలానావాళ్ల పని అని తేల్చి చెప్పం. టీచర్‌కి పాఠాలతో పాటు యాప్‌ల పనీ, ఫొటోల పనీ ఉంది. కొన్ని బళ్లను కలిపి చూసుకునే సీఆర్పీకి (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) ఒకటికి నాలుగు బళ్లు. ఆ పిల్ల ‘లాంగ్ ఆబ్సెంట్’ అవుతుంది, తర్వాత ఏ బడిలోనూ లేని పిల్లల ఆన్‌లైన్ జాబితా అయిన డ్రాప్ బాక్స్‌లోకి వెళ్తుంది. కంప్యూటర్‌లో ఎక్కడుందో తెలుస్తుంది, ఊళ్లో ఎక్కడుందో ఎవరూ అడగరు. పంచాయతీ పరిధిలో ఒక మనిషిని జీతమిచ్చి ఈ ఒక్క పనికే పెట్టాలి. వలస మండలాల నుంచే మొదలుపెట్టినా చాలు.

తల్లిదండ్రులు వలస వెళ్లే నెలల్లో పిల్లల్ని ఉంచుకునే సీజనల్ హాస్టళ్ల సంగతీ అంతే. బండ్లు వెళ్లిపోయాక తెరిచిన హాస్టల్ ఎవరికీ అక్కరకు రాదు. పిల్లను ఎవరి దగ్గర ఉంచాలో తల్లి ఆలోచించేది కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్న రోజున. ఆ రోజుకే హాస్టల్ తలుపు తెరిచి ఉండాలి, లోపల వంట మొదలై ఉండాలి.