ఆక్సిజన్ సెన్సార్‌ను పెట్రోల్‌లో నానబెట్టినంత మాత్రాన బాగుపడదు

చెక్ ఇంజిన్ లైటు వెలిగి స్కానర్‌లో పి0133 కోడ్ కనబడితే, పొగలోని ఆక్సిజన్‌ను పసిగట్టే ఆక్సిజన్ సెన్సార్ పాడైనట్టేననీ, దాన్ని విప్పి రాత్రంతా పెట్రోల్‌లో నానబెట్టి, తెల్లారాక వైర్ బ్రష్‌తో రుద్ది బిగిస్తే కొత్తదానిలా పనిచేస్తుందనీ, అలా కుదరకపోతే కనెక్టర్ ఊడదీసి తిరిగినా బండికి నష్టం లేదనీ చెప్పే సలహా ఒకటి కార్ల యజమానుల మధ్య చాలాకాలంగా తిరుగుతోంది. వేల రూపాయల ఖర్చు లీటరు పెట్రోల్‌తో తప్పుతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఈ సలహాలో నిలబడే మాట ఒక్కటీ లేదు.

కోడ్ వస్తే తప్పు సెన్సార్‌దేనన్నది మొదటి మాట. ఇంజిన్‌కూ, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కూ మధ్య ఉన్న సెన్సార్ నుంచి వచ్చే సిగ్నల్ మారవలసినంత వేగంగా మారడం లేదని మాత్రమే పి0133 చెబుతుంది, ఎందుకు మారడం లేదో చెప్పదు. 1976లో బాష్ తయారీ సెన్సార్‌తో వోల్వో కార్లు వచ్చిన నాటి నుంచి జిర్కోనియా అనే సెరామిక్‌తో చేసిన సెన్సార్ల సూత్రం ఒక్కటే: పొగలో ఇంధనం ఎక్కువైతే 0.8, 0.9 వోల్టుల దాకా, గాలి ఎక్కువైతే 0.1, 0.2 వోల్టుల దాకా సిగ్నల్ ఊగుతుంది. ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్, అంటే ఇసియు, దాన్ని చూస్తూ ఇంధనాన్ని కాస్త పెంచుతూ, కాస్త తగ్గిస్తూ పోతుంది. ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే మానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర లీకు ఉంటే బయటి గాలి లోపలికి చేరి ఆ లెక్కను చెడగొడుతుంది. ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని వినబడి వేడెక్కాక తగ్గిపోయే చప్పుడు, ప్యాకింగ్ అంచున నల్లటి మసి చార, ఇవి రెండూ కనబడితే సెన్సార్ జోలికి వెళ్లే ముందే లీకును సరిచేయాలి. వాక్యూమ్ పైపు చీలినా, ఫ్యూయల్ ప్రెషర్ తగ్గినా, వైరింగ్‌లో తుప్పు పట్టినా ఇదే కోడ్ రావచ్చు. సెన్సార్ సుమారు 300 డిగ్రీలు దాటితేగాని సరిగా పనిచేయదు కాబట్టి, లోపలి హీటర్ బలహీనపడితే ట్రాఫిక్‌లో ఐడ్లింగ్ మీద నిలబడ్డప్పుడు అది చల్లబడి మందగిస్తుంది.

మరి తప్పు సెన్సార్‌దేనని తేలేదెలా? ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి, స్కానర్‌లో సెన్సార్ సిగ్నల్ గ్రాఫ్ చూడాలి. చవక బ్లూటూత్ స్కానర్లలో రీడింగులు నెమ్మదిగా వస్తాయి. పది రీడింగులను ఒకేసారి తెరిస్తే మంచి సెన్సార్ కూడా మందంగానే కనబడుతుంది, కాబట్టి ఈ ఒక్క రీడింగునే తెరవాలి. సిగ్నల్ మార్పును వెంటవెంటనే గీసి చూపే ఆసిలోస్కోప్ ఉంటే మరీ మంచిది. ఒక వాక్యూమ్ పైపు ఊడదీసి గాలి పెంచి, ఆ తర్వాత పైపు బిగించి యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కి ఇంధనం పెంచి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న సెన్సార్ సుమారు 100 మిల్లీసెకన్లలో ఆ మార్పును చూపిస్తుంది. అంత చురుగ్గా స్పందించిన సెన్సార్‌ను మార్చడం డబ్బు దండగ. అయితే కొత్త కార్లలో చాలావాటికి వైడ్‌బ్యాండ్ అనే వేరే రకం సెన్సార్లు ఉంటాయి, వాటికి ఈ వోల్టేజీ లెక్కలు వర్తించవు.

ఇక నానబెట్టడం సంగతి. సెన్సార్ మీద చేరేది వట్టి మసి అయితే, హైవే మీద గట్టిగా నడిపినప్పుడు ఆ వేడికి అదే కాలిపోతుంది, పెట్రోల్ అక్కర్లేదు. నిజంగా మందగింపజేసేవి ఇంజిన్ తాగే ఆయిల్‌లోని ఫాస్ఫరస్ బూడిద, సిలిండర్‌లోకి దిగే కూలెంట్, సిలికాన్. ఇవేవీ పెట్రోల్‌లో కరగవు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000లోనే ఆగిపోయింది కనుక, ఇప్పుడు నేను మొదట అనుమానించేది సిలికాన్‌నే. ట్యాపెట్ కవర్‌కో, ఆయిల్ ఛాంబర్‌కో లీకు రాకుండా పూసే సిలికాన్ గమ్‌లో సెన్సార్లకు పడని రకాన్ని ధారాళంగా పూస్తే, దాని ఆవిరి ఇంజిన్‌లోకి చేరి కాలి, సెన్సార్ కొనమీద తెల్లటి పొడిలా పేరుకుంటుంది. బ్రష్ తాకేది బయటి లోహపు తొడుగునే. లోపలి సెరామిక్‌ను తాకితే దాని మీది ప్లాటినం పూత గీసుకుపోతుంది. తడి ఆరని సెరామిక్‌ను హీటర్ వేడి చేస్తే అది పగలవచ్చు కూడా.

అయినా నానబెట్టి బాగు చేసుకున్నామని నమ్మకంగా చెప్పేవాళ్లు ఎందుకు ఉన్నారు? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పని పూర్తయ్యాక కోడ్ చెరిపేస్తారు. ఇసియు మళ్లీ పరీక్ష నడిపి, సాధారణంగా వరుసగా రెండు డ్రైవ్ సైకిళ్లలో (స్టార్ట్ చేసి, నడిపి, ఆపేదాకా ఒక సైకిల్) తప్పు పట్టుకుంటేగాని లైటు వెలగదు; ఆ విరామమే వాళ్లకు విజయంలా కనబడుతుంది. పైగా విప్పి బిగించేటప్పుడు కనెక్టర్‌లోని తుప్పు రాసుకుపోయి నిజంగానే సిగ్నల్ మెరుగుపడిన సందర్భాలూ ఉండవచ్చు, కానీ ఆ ఫలితం పెట్రోల్‌ది కాదు.

కనెక్టర్ ఊడదీసి తిరగమనడం వీటన్నిటికంటే హానికరం. సిగ్నల్ లేకపోతే ఇసియు ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం ఇంధనం పంపుతుంది, అది సాధారణంగా అవసరానికి మించే ఉంటుంది. మైలేజీ పడిపోవడమే కాకుండా మిగులు ఇంధనం క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలి, దాన్ని వేడెక్కించి పాడుచేయవచ్చు. కన్వర్టర్ ధర సెన్సార్ ధరకు ఎన్నో రెట్లు.

మార్చక తప్పదని తేలితే, ముందు ఆయిల్, కూలెంట్, గమ్ కారణాన్ని వదిలించాలి, లేకుంటే కొత్తదీ అదే దారి పడుతుంది. మర పట్టేయకుండా రాసే యాంటీసీజ్ పేస్టును మర చుట్ల మీద మాత్రమే, అదీ ముందే పూసి రాకపోతేనే రాయాలి. కనెక్టర్‌లో గ్రీజు పెట్టకూడదు, వైర్లను సోల్డర్ చేయకూడదు. ఎందుకంటే చాలా సెన్సార్లు పొగతో పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని వైర్ల సందుల్లోంచే తీసుకుంటాయి. బిగించాక కోడ్ చెరిపి, ఊళ్లోనూ హైవే మీదా నడిపి, ఇసియు తానే నడిపే ఆక్సిజన్ సెన్సార్ పరీక్ష (మానిటర్) పూర్తయినట్టు స్కానర్ చూపించాక, కోడ్ తిరిగి రాలేదని చూసుకున్నాకే మరమ్మతు అయిందని చెప్పాలి.