పదిమందికి పప్పుచారు చాలు

ఇంటికి పదిమంది వస్తే బయటి నుంచి బిర్యానీ తెప్పించుకోవడమే తేలికని, ఇంట్లో వండితే ఖర్చూ శ్రమా ఎక్కువని ఒకరు రాసింది చదివాను. మిగతావన్నీ బాగానే చెప్పారు గానీ ఈ మాట మాత్రం నేనొప్పుకోను. మా ఇంట్లో చుట్టాలొచ్చినా, మా వాడి ఫ్రెండ్స్ దిగినా పప్పుచారే. పావుకిలో కందిపప్పు, నిమ్మకాయంత చింతపండు, రెండు మునక్కాడలు, ఇంట్లో ఉంటే నాలుగు సొరకాయ ముక్కలు, అంతే, పదిమందికీ వస్తుంది. ఒక్కటే జాగ్రత్త, పప్పు మెత్తగా ఉడికాకే పులుసు పొయ్యాలి. ముందే పోస్తే ఆ పులుపుకి పప్పు ఓ పట్టాన మెత్తబడదు. పెళ్లైన కొత్తలో నేనిలాగే చేసి కుక్కర్ మూడుసార్లు ఎక్కించాను, మా అత్తగారు ఏమీ అనలేదు గానీ ఆవిడ నవ్వు ఇప్పటికీ గుర్తే.

పోపు మాత్రం చివర్లోనే. ఆవాలు చిటపటమన్నాక ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు వేసి, ఆ వేడి గరిటెని సుయ్యిమని చారులో ముంచి వెంటనే మూత పెట్టేయాలి, అప్పుడా వాసనకి హాల్లో ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా వంటింట్లోకి వచ్చేస్తారు. పక్కన వడియాలు, ఊరమిరపకాయలు వేయిస్తే చాలు. నెయ్యి దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకండి.

మిగిలితే రాత్రికి ఇంకా బాగుంటుంది, కాకపోతే మా ఇంట్లో మిగలదు.