అద్దె అడిగే ముందు వాన గురించి అడగండి

హైదరాబాద్‌కు మారే కుటుంబాలు ఆఫీసుకు దగ్గర్లో ఇల్లు చూసుకోవాలని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. పిల్లలున్నవారు మాత్రం ముందు బడి ఎంత దూరమో, వాన నీరు ఎటు పోతుందో చూడాలంటాను. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా పెద్దవాళ్లకు మెట్రో ఉంది. ఒకటో తరగతి పిల్ల రోజూ రెండు గంటలు బడి బస్సులో ఎలా కూర్చుంటుంది?

మేము విజయవాడ నుంచి వచ్చి మే నెలలో ఇల్లు చూశాం. విశాలమైన వీధి, కొత్త రంగులు. జులైలో వీధిలో మోకాలి లోతు నీళ్లు! పాపను భుజాన వేసుకుని ఆటో దాకా నడిచాను. సెల్లార్ గోడ మీద, నడుము ఎత్తులో, కొత్త సున్నం కింద పాత నీటి చార లీలగా కనిపించింది. దాన్ని ముందే చూడాల్సింది. 2016 సెప్టెంబరులో నిజాంపేట బండారి లేఅవుట్ ఎలా మునిగిందో, 2020 అక్టోబరులో నగరం ఎంత అల్లాడిందో అందరికీ తెలుసు.

అందుకే బ్రోకరును కాదు, వాచ్‌మన్‌ను అడగండి: సెల్లార్‌లోకి నీళ్లొస్తాయా? ఏప్రిల్‌లో బోరు ఎండితే వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు? సాయంత్రం ఆరింటికి వెళ్లి అక్కడ కాసేపు నిలబడండి. పిల్లలు వీధిలో సైకిళ్లు తొక్కుతుంటే, అమ్మమ్మలు గుమ్మాల్లో కూర్చుని కబుర్లాడుకుంటుంటే ఆ ఇంటికి అడ్వాన్సు ఇవ్వండి.