సవరణ: అటవీ కళాశాల ఉన్న ములుగు ఏది?

అటవీ రంగంలో చదువులు, శిక్షణ గురించి మొన్న రాసినప్పుడు రెండు తప్పులు రాశాను. అటవీ కళాశాల, పరిశోధనా సంస్థ ఉన్నది ములుగు జిల్లాలో అన్నాను. కాదు, సిద్దిపేట జిల్లాలోని ములుగులో. మేడారం జాతర జరిగే ములుగు వేరు. రెండింటి మధ్య దూరం నూటయాభై కిలోమీటర్ల పైనే.

పేరు ఒకటే కదా అని సరిచూసుకోకపోవడం నా పొరపాటు. ఆ ముక్క నమ్మి ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని హనుమకొండలో ములుగు బస్సెక్కారు. టికెట్ కొట్టేటప్పుడు కండక్టరే "ఆ కాలేజీ ఇటు కాదు, సిద్దిపేట వైపు" అని దింపేశారట. ఆయన ఫోన్లో నెమ్మదిగానే చెప్పారు, నాకే మనసు చివుక్కుమంది. వారికి క్షమాపణలు.

రెండోది, బీట్ ఆఫీసర్ల (అడవిలో ఒక్కో భాగాన్ని కాపాడే సిబ్బంది) శిక్షణ కూడా ఆ కాలేజీలోనే అన్నాను. ఉద్యోగంలో చేరిన సిబ్బందికి తెలంగాణలో శిక్షణ ఇచ్చేది హైదరాబాద్ శివారు దూలపల్లిలోని అటవీ అకాడమీ. ములుగుది 2016లో మొదలైన డిగ్రీ కాలేజీ, బీఎస్సీ ఫారెస్ట్రీ నాలుగేళ్లు. చదువు వేరు, కొలువులో శిక్షణ వేరు. ఆంధ్రలో అకాడమీ రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువులో ఉంది, అది సరిగ్గానే రాశాను.

పాత ముక్క ఎవరికైనా పంపి ఉంటే దయచేసి ఇది కూడా పంపండి.