డోలు లాక్కుంటే వెదురు పట్టుకున్నారు

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో ఏటా జరిగే వీధి పండుగ కార్నివాల్ అనగానే ఫోన్‌లో కనిపించేవి ఈకలు, పూసలు, రోడ్డు నిండా డాన్సులు. బాగుంటుంది, కాదనను. కానీ సోమ, మంగళవారాల్లో జరిగే ఆ ఊరేగింపు కంటే నాకు ఎక్కువ ఆసక్తి దానికి ముందు శుక్రవారం తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని పికడిల్లీ గ్రీన్స్‌లో ఆడే నాటకం మీద. 1881లో అదే ఊళ్లో పోలీసులకూ జనానికీ జరిగిన కొట్లాటను అక్కడ మళ్లీ ఆడతారు.

ఆ కొట్లాట కాంబులే అనే ఊరేగింపు గురించి. ఫ్రెంచ్‌లో 'కాల్చిన చెరకు' అనే మాటల నుంచి వచ్చిన పేరది. చెరకు తోటకు నిప్పంటుకుంటే అక్కడికి బానిసలను కొరడాలతో అదిలిస్తూ రాత్రికి రాత్రి తోలుకెళ్లేవారు. 1838లో పూర్తిగా విముక్తి వచ్చాక అదే దృశ్యాన్ని వాళ్లే కాగడాలు పట్టుకుని, డోళ్లు కొడుతూ ఊరేగింపుగా ఆడారు, అదీ వాళ్లను తోలిన దొరల కళ్ల ముందే! 1881లో కెప్టెన్ బేకర్ అనే పోలీసు అధికారి దాన్ని ఆపబోతే జనం కర్రలతో ఎదురు తిరిగారు. 1884లో డోళ్ల మీద ఆంక్షలు పెట్టారు. సరే, డోలు లేకపోతే ఏం, వెదురు బొంగులు నరికి నేలకేసి కొట్టారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, ఆ తర్వాత చమురు పీపాలు. అలా పుట్టిన స్టీల్‌పాన్ 1992లో దేశ జాతీయ వాద్యమైంది.

అందుకే 'వారసత్వాన్ని పరిరక్షించుకుందాం' అనే ఉపన్యాసాలు వింటే నాకు చిరాకు. అద్దాల పెట్టెలో పెట్టి కాపాడితే నిలిచింది కాదిది.

లండన్ సంగతీ అంతే. 1958లో నాటింగ్ హిల్‌లో నల్లజాతి వాళ్ల మీద దాడులు జరిగితే, ట్రినిడాడ్‌లో పుట్టిన పాత్రికేయురాలు క్లాడియా జోన్స్ 1959 జనవరి చలిలో సెయింట్ పాంక్రాస్ టౌన్ హాల్లో కార్నివాల్ పెట్టింది. దెబ్బలు తిన్న ఏడాది తిరక్కుండానే డాన్సు! అదే జవాబు మరి.

నా గొడవల్లా ఒకటే. డాన్సు మీద పడినంత వెలుగు మాట మీద పడట్లేదు. 'మిడ్‌నైట్ రాబర్' అనే వేషం ఉంది. గొడుగంత టోపీ, అంచులకు కుచ్చులు, నల్లటి అంగీ, చేతిలో విజిల్. దారిలో మనిషిని ఆపేసి, దొరల బడిలో నేర్పిన బరువైన ఇంగ్లిషులోనే తన పుట్టుక గురించీ తను చేసిన ఘోరాల గురించీ కోతలు కోస్తాడు, డబ్బులిచ్చేదాకా వదలడు. ఆఫ్రికా కథకుల వాగ్ధాటి, దొరల మీద వెక్కిరింత రెండూ ఆ నోట్లోనే ఉంటాయి. ముప్పై సెకన్ల రీల్‌లో అది ఎక్కడ పడుతుంది? ఈకల డ్రెస్సయితే పడుతుంది, డబ్బూ దాని వెంటే పోతుంది.

ఎప్పుడైనా అటు వెళ్లి, అతను విజిల్ వేసి ఆపితే, తొందరపడి పర్సు తీయకండి. ఇచ్చేస్తే ఆపేస్తాడు.